గూడ్స్ బండిని కలిపి ఉంచేది ఏంటి? వ్యాగన్ల మధ్య ఆ 'ఇనుప పిడికిలి' వెనక 150 ఏళ్ల కథ

లింగంపల్లి స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం నిలబడితే పక్క లైన్‌లో గూడ్స్ బండి ఆగి ఉండటం మీరు చూసే ఉంటారు. సిగ్నల్ పడుతుంది. ఇంజిన్ హారన్ కొడుతుంది. ఆ వెంటనే ముందు నుంచి వెనక్కి 'ఠక్.. ఠక్.. ఠక్..' అంటూ ఓ చప్పుడు పరిగెత్తుకొస్తుంది. మన ముందు నుంచి దాటుకుని చివర గార్డు పెట్టె దాకా పోతుంది. అంటే ఇంజిన్ కదిలినప్పటికి చివరి వ్యాగన్ ఇంకా కదల్లేదన్నమాట.

ఆ చప్పుడు వ్యాగన్‌కీ వ్యాగన్‌కీ మధ్య ఉండే కప్లింగ్‌ది. ప్లాట్‌ఫాం మీద నుంచి కాస్త వంగి చూస్తే రెండు ఇనుప పిడికిళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు కనిపిస్తుంది. వేల టన్నుల బండిని కలిపి ఉంచేది అదే.

దీని గురించి ఇప్పుడెందుకు అంటారా? 2024 నవంబర్ 9న బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో జరిగిన ఘటన గుర్తుందా? లక్నో–బరౌనీ ఎక్స్‌ప్రెస్ దగ్గర కప్లింగ్ విడదీసే పనిలో ఉన్న రైల్వే ఉద్యోగి ఒకరు ఇంజిన్‌కీ పెట్టెకీ మధ్య నలిగి చనిపోయారు. ఆ ఫొటో దేశమంతా ఫోన్లలో తిరిగింది. చూసినవాళ్లలో చాలామందికి వచ్చిన డౌట్ ఒక్కటే. ఈ రోజుల్లో కూడా ఈ పనికి మనిషి ఆ సందులోకి వెళ్లాలా?

నిజానికి కప్లింగ్ చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. రెండు పెట్టెల మధ్య ఆ కాస్త జాగాలోకి మనిషి వెళ్లకుండా బండిని ఎలా కలపాలి?

1874: మన లైన్ మీద మొదటి కొక్కెం

పటాన్‌చెరుకి దక్షిణంగా, లింగంపల్లి, నాగులపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్ మీదుగా వాడి వెళ్లే లైన్ నిజాం కాలం నాటిది. 1874లో సికింద్రాబాద్–వాడి మార్గం తెరిచారు. హైదరాబాద్ రాజ్యాన్ని బొంబాయి లైన్‌తో కలిపింది ఇదే. సంగారెడ్డి పట్టణానికి ఇప్పటికీ రైలు లేదు కానీ, జిల్లాలో జహీరాబాద్ వైపు వెళ్లే లైన్ కూడా వికారాబాద్ దగ్గర దీన్నుంచే చీలుతుంది.

బ్రాడ్‌గేజ్ లైన్లతో పాటు మనకు ఇంగ్లండ్ పద్ధతి కప్లింగ్ కూడా వచ్చింది. ప్రతి పెట్టెకి చివర రెండు పక్కలా గుండ్రటి బఫర్లు, మధ్యలో ఓ కొక్కెం, దానికి వేలాడే గొలుసు లాంటి లింకు. లింకు మధ్యలో మర ఉంటే అది స్క్రూ కప్లింగ్. పని ఎలా జరిగేదంటే, ఇంజిన్ వెనక్కి వచ్చి బఫర్లు ఆనించాలి. షంటింగ్ మనిషి బఫర్ల కింద నుంచి వంగి లోపలికి దూరాలి. బరువైన లింకు ఎత్తి అవతలి కొక్కేనికి తగిలించాలి. మర తిప్పి బిగించాలి. మళ్లీ వంగి బయటికి రావాలి. చీకట్లో అయినా, వానలో అయినా ఇంతే. ఇంజిన్ ఒక్క అడుగు తప్పుగా కదిలితే చాలు.

ఇదేదో పాత కథ అనుకోకండి. పాత డిజైన్ ఐసీఎఫ్ ప్యాసింజర్ పెట్టెల మధ్య మీరు చూసేది ఈ స్క్రూ కప్లింగే. ఆ పెట్టెల తయారీ ఆగిందే 2018లో.

సికింద్రాబాద్‌లో ఇంకో గొడవ కూడా ఉండేది. నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే లైన్ మీటర్‌గేజ్. ఆ బండ్లకు పక్క బఫర్లు ఉండవు, మధ్యలో ఒకటే బఫర్, దాంట్లోనే కొక్కెం. పట్టాల వెడల్పు వేరు, కప్లింగూ వేరు. సరుకు ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సిందే.

వేళ్లు లేకపోతే అనుభవం ఉన్నట్టు!

అమెరికాలో పరిస్థితి ఇంకా ఘోరం. అక్కడ లింకు–పిన్ను పద్ధతి ఉండేది. ఒక ఇనుప రింగు, ఒక మేకు. వ్యాగన్ దగ్గరికి వస్తుంటే బ్రేక్‌మన్ మధ్యలో నిలబడి రింగుని చేత్తో పట్టుకుని అవతలి రంధ్రంలోకి దూర్చాలి, సరిగ్గా ఆ క్షణంలో పిన్ను పడేయాలి. బఫర్లు లేవు కాబట్టి ఆలస్యమైతే చెయ్యి, ఇంకా ఆలస్యమైతే మనిషే. ఏటా వందల మంది చనిపోయేవాళ్లు, వేల మంది గాయపడేవాళ్లు. ఉద్యోగానికి వచ్చినవాడి చేతికి వేళ్లు తక్కువుంటే 'వీడికి అనుభవం ఉంది' అనుకునేవాళ్లని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు.

దీనికి మందు కనిపెట్టింది రైల్వే ఇంజినీర్ కాదు. వర్జీనియా రాష్ట్రం అలెగ్జాండ్రియాలో బట్టల కొట్లో గుమస్తాగా పనిచేసే ఎలై జానీ. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన పోరాడి వచ్చినవాడు. చాకుతో చెక్క ముక్కలు చెక్కి మోడల్ తయారుచేశాడని చెబుతారు. 1873 ఏప్రిల్‌లో దానికి పేటెంట్ వచ్చింది.

ఆయన ఐడియా అర్థం కావాలంటే ఫోన్ ఒక్క నిమిషం పక్కన పెట్టండి. రెండు చేతుల వేళ్లూ కొక్కెంలా వంచి, ఒకదాన్ని ఒకటి పట్టుకుని లాగండి. ఎంత లాగితే అంత బిగుసుకుంటాయి కదా? జానీ కప్లర్ అదే. ప్రతి వ్యాగన్ చివరా ఒక ఇనుప చెయ్యి, దానికి తిరిగే ఒక వేలు. ఆ వేలినే నకిల్ అంటారు. నకిల్ తెరిచి ఉంచి వ్యాగన్‌ని మెల్లగా నెడితే చాలు. అవతలి దానికి తగలగానే నకిల్ లోపలికి తిరుగుతుంది, లోపల లాక్ దానంతటదే కిందికి పడుతుంది. కలపడానికి మనిషి మధ్యలో ఉండక్కర్లేదు. విడదీయాలంటే పక్కన ఉన్న హ్యాండిల్ పైకి లేపాలి, లాక్ లేస్తుంది, నకిల్ తెరుచుకుంటుంది. ఆ హ్యాండిల్ వ్యాగన్ పక్కకు పొడుచుకొచ్చి ఉంటుంది, బయట నిలబడే లేపొచ్చు.

ఇంత మంచిది కదా, వెంటనే అందరూ పెట్టేసుకున్నారా? లేదు. ఖర్చు ఎవరు పెట్టాలి? నా వ్యాగన్‌కి పెట్టినా పక్క కంపెనీ వ్యాగన్‌కి లేకపోతే ఏం లాభం? ఇదీ కంపెనీల వాదన. పైగా అప్పటికే కప్లర్ల మీద వేల పేటెంట్లు ఉన్నాయి. 1880ల చివర్లో వ్యాగన్ తయారీ నిపుణుల సంఘం జానీ నమూనానే ప్రామాణికంగా ఎంచుకుంది. దీనికోసం జానీ తన కప్లర్ ముఖం ఆకారం మీద ఉన్న హక్కు వదులుకున్నాడు. ఆ ఆకారం ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి యంత్రం ఎవరిది వాళ్లు చేసుకోవచ్చు. ఇవాళ లింగంపల్లిలో మీకు కనిపించే కప్లర్ ముఖం ఆ కుటుంబానిదే.

చట్టం తెచ్చిన ఘనత మాత్రం లోరెంజో కాఫిన్ అనే అయోవా రైతుకి ఇవ్వాలి. ఒక బ్రేక్‌మన్ చేతి వేళ్లు పోవడం కళ్లారా చూసి, ఏళ్ల తరబడి తిరిగి ప్రచారం చేశాడు. 1893 మార్చి 2న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సేఫ్టీ అప్లయన్స్ చట్టం మీద సంతకం పెట్టారు. రైల్వే కంపెనీలు గడువు పెంచమని అడిగి 1900 దాకా లాక్కొచ్చాయి.

రెండూ ఆటోమేటిక్కే.. కానీ!

ఇక్కడ ఒక కేసు గురించి చెప్పాలి. అదే 1900 ఆగస్టులో, యూటా రాష్ట్రంలో జాన్సన్ అనే బ్రేక్‌మన్. సదరన్ పసిఫిక్ ఉద్యోగి. ఇంజిన్‌ని ఒక డైనింగ్ కారుకి కలపమన్నారు. ఇంజిన్‌కి జానీ కప్లర్ ఉంది. డైనింగ్ కారుకి మిల్లర్ హుక్ ఉంది. రెండూ ఆటోమేటిక్కే. కానీ ఒకదానితో ఒకటి కలవవు! జాన్సన్ మధ్యలోకి వెళ్లి చేత్తో కలపబోయాడు. చెయ్యి నలిగిపోయింది, తీసేయాల్సి వచ్చింది.

కింది కోర్టులో ఓడిపోయాడు. 'రెండింటికీ ఆటోమేటిక్ కప్లర్లు ఉన్నాయిగా, చట్టం పాటించినట్టే' అన్నారు. 1904లో సుప్రీంకోర్టు ఆ తీర్పు తిరగేసింది. చట్టం ఉద్దేశం కప్లర్ బిగించడం కాదు, మనిషి మధ్యలోకి వెళ్లాల్సిన అవసరం లేకుండా చేయడం అని తేల్చింది. ఒకరి చార్జర్ ఇంకొకరి ఫోన్‌కి పట్టని రోజులు గుర్తున్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. కాకపోతే అక్కడ పోయింది చార్జింగ్ కాదు.

జపాన్ ఒక్క రోజులో.. మనం దశాబ్దాల్లో

జపాన్‌లో కూడా మొదట మనలాగే ఇంగ్లండ్ పద్ధతి ఉండేది. మార్చాలనుకున్నారు. ఏళ్ల తరబడి ప్లాన్ చేసి, కొత్త కప్లర్లను ముందే వ్యాగన్ల కింద కట్టి తిప్పారు. 1925 జులై 17న ప్రధాన ద్వీపం హోన్షులో బండ్లు ఆపేసి ఒక్క రోజులో మార్చేశారు. మూడు రోజులకు క్యుషులోనూ అదే పని. నాకైతే ఈ కథ మొత్తంలో నమ్మశక్యం కానిది ఇదే.

మనం అలా చేయలేకపోయాం. ఇండియాలో 1950ల చివరి నుంచి కొత్త గూడ్స్ వ్యాగన్లకు సీబీసీ, అంటే సెంటర్ బఫర్ కప్లర్ రావడం మొదలైంది. జానీ కప్లర్‌కి వారసుడే ఇది. కానీ పాత వ్యాగన్లు దేశమంతా తిరుగుతున్నాయి, కొత్తవాటితో కలిసే నడవాలి. అందుకే మధ్యేమార్గంగా ట్రాన్సిషన్ కప్లర్ పెట్టారు. నకిల్ కూడా ఉంటుంది, స్క్రూ కప్లింగ్ తగిలించే ఏర్పాటూ ఉంటుంది, పక్కన బఫర్లూ ఉంటాయి. దీని ప్రభావం ఇప్పటికీ ఉంది. ప్యాసింజర్ బండ్లు లాగే ఎలక్ట్రిక్ ఇంజిన్ ముఖం చూడండి, మధ్యలో నకిల్, పక్కన బఫర్లు. ఎల్‌హెచ్‌బీ పెట్టెలైనా, ఐసీఎఫ్ పెట్టెలైనా లాగాలి కాబట్టి రెండూ మోయాల్సిందే. ఈ రెండు పద్ధతులూ కలిసే చోటే మనిషికి ప్రమాదం ఎక్కువ.

గూడ్స్‌లో అసలు మార్పు 1980ల మొదట్లో బాక్స్‌ఎన్ వ్యాగన్లతో వచ్చింది. మన లైన్ మీద బొగ్గు బండ్లలో ఎక్కువగా కనిపించే, పైకప్పు లేని ఎత్తు పెట్టెలు ఈ కుటుంబానివే. ఎయిర్ బ్రేకు, గట్టి సీబీసీ. పాత నాలుగు చక్రాల వ్యాగన్ మోసేది సుమారు 22 టన్నులు. బాక్స్‌ఎన్ లోడుతో కలిపి 81.28 టన్నులు. అలాంటివి 58 కడితే బండి బరువు 4,700 టన్నులు దాటుతుంది, పొడవు 600 మీటర్లకు పైనే. ఈ మొత్తాన్ని ఇంజిన్ వెనక ఉన్న మొట్టమొదటి నకిల్ ఒక్కటే లాగాలి! స్క్రూ కప్లింగ్ ఇంత బరువుకి నిలబడదు. అంటే భారీ గూడ్స్ బండ్లు సాధ్యమైంది ఇంజిన్ల వల్లే కాదు, ఈ పిడికిలి వల్ల కూడా.

తెగితే ఏమవుతుంది?

అప్పుడప్పుడూ 'గూడ్స్ రైలు రెండుగా విడిపోయింది' అని వార్త వస్తుంది. మేమూ బ్రేకింగ్ వేస్తాం. కానీ లోపల జరిగేది ఏంటంటే, కప్లర్‌లో అన్నిటికన్నా ముందు నకిల్ విరిగేలా కొలత చూసి చేస్తారు. ఇంట్లో ఫ్యూజు లాంటిది. నకిల్ విరిగితే పిన్ను తీసి కొత్తది వేయొచ్చు. వెనక భాగం ఊడొస్తే వ్యాగన్ వర్క్‌షాప్‌కి పోవాల్సిందే. మన దగ్గర ఆ పని విజయవాడ దగ్గర గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాప్ లాంటి చోట్ల జరుగుతుంది. అక్కడ నకిల్ ఎంత అరిగింది, పగుళ్లున్నాయా అని కొలిచి చూస్తారు.

బండి విడిపోగానే వ్యాగన్ల మధ్య గాలి పైపు కూడా ఊడుతుంది. పైపులో గాలి పోగానే రెండు ముక్కలకూ బ్రేకులు వాటంతటవే పడతాయి. ఎయిర్ బ్రేకు పద్ధతే అంత. గాలి ఉంటే బ్రేకు వదులుతుంది, గాలి పోతే పట్టేస్తుంది.

చివరి వ్యాగన్ వెనక 'ఎల్‌వీ' అని రాసిన చిన్న బోర్డు ఎప్పుడైనా చూశారా? లాస్ట్ వెహికల్ అని అర్థం. బండి స్టేషన్ దాటేటప్పుడు సిబ్బంది చివర ఆ బోర్డు ఉందో లేదో చూస్తారు. లేకపోతే వెనక ఎక్కడో కొన్ని వ్యాగన్లు ఉండిపోయాయేమో అన్నమాట. ఆ లైన్ మీదికి ఇంకో బండిని పంపరు.

త్రిశూల్, గరుడ.. 177 వ్యాగన్ల బండి

2021 అక్టోబర్‌లో దక్షిణ మధ్య రైల్వే ఒక ప్రయోగం చేసింది. మూడు గూడ్స్ బండ్లను ఒకటిగా కలిపి నడిపింది. కొండపల్లి నుంచి ఖుర్దా వైపు వెళ్లినదాని పేరు త్రిశూల్, మొత్తం 177 వ్యాగన్లు. మర్నాడు రాయచూరు నుంచి మణుగూరుకి గరుడ నడిచింది. బొగ్గు నింపుకోవడానికి వెళ్తున్న ఖాళీ వ్యాగన్లు అవి. ఆ తర్వాత 2022 ఆగస్టు 15న ఛత్తీస్‌గఢ్‌లో సూపర్ వాసుకి నడిచింది. 295 వ్యాగన్లు, ఆరు ఇంజిన్లు, మూడున్నర కిలోమీటర్లు, నిండా బొగ్గు.

ఇలాంటి బండ్లలో ఇంజిన్లన్నీ ముందే పెడితే ఏమవుతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మొదటి నకిల్ తట్టుకోలేదు. అందుకే ఇంజిన్లను మధ్యమధ్యలో పెడతారు. అప్పుడు ఏ ఒక్క కప్లర్ మీదా బరువంతా పడదు.

పటాన్‌చెరు లారీలకూ దీనికీ సంబంధం ఏంటి?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు అడగొచ్చు. మన కంపెనీ సరుకు లారీల్లోనే పోతుంది కదా, రైలు ఎక్కడిది అని. ఒకప్పుడు ఒక్క వ్యాగన్, రెండు వ్యాగన్లు కూడా బుక్ చేసుకునే పద్ధతి ఉండేది. వాటిని దారి పొడవునా యార్డుల్లో విడదీసి, వేరే బండికి కలిపి పంపేవాళ్లు. ప్రతి యార్డులో కప్లింగ్ పని, ప్రతి చోటా ఆలస్యం. 1980ల నుంచి రైల్వే ఆ పద్ధతి తగ్గించి, మొత్తం బండిని ఒకే చోట నింపి, ఒకే చోట ఖాళీ చేసే రేక్ పద్ధతికి మారింది. దానికి కప్లర్ ఒక్కటే కారణం కాదు, వేగం, ఖర్చు అన్నీ ఉన్నాయి. ఫలితం ఏంటంటే సిమెంటు, బొగ్గు, ఎరువులకు రైలు బాగా సరిపోయింది. నెలకి నాలుగు లారీల సరుకు పంపే చిన్న యూనిట్‌కి సరిపోలేదు. ముంబై హైవే మీద లారీల రద్దీకి ఇదీ ఒక కారణమే.

కంటైనర్ కథ వేరు. ఈ ప్రాంతపు ఎగుమతి సరుకు సనత్‌నగర్‌లోని కంటైనర్ డిపోకి లారీలో వెళ్లి, అక్కడి నుంచి రైల్లో పోర్టుకి పోగలదు. కంటైనర్ బండిని జాగ్రత్తగా గమనిస్తే ప్రతి వ్యాగన్‌కీ మధ్య నకిల్ కనిపించదు. ఐదు వ్యాగన్లు ఒక సెట్టు. సెట్టు లోపల విడదీయడానికి వీల్లేని డ్రాబార్ ఉంటుంది, అది ఊగదు, ఠక్ ఠక్ అనదు. నకిల్ కప్లర్లు సెట్టుకి రెండు చివర్లే. 45 వ్యాగన్ల బండిలో ఇలాంటివి తొమ్మిది సెట్లు. విడదీయాల్సిన చోట్లు తగ్గితే లోపలికి వెళ్లే పనీ తగ్గుతుంది.

ఆ 'ఠక్' ఎందుకు ప్రమాదం?

మొదట్లో చెప్పిన చప్పుడు దగ్గరికి మళ్లీ వద్దాం. ప్రతి కప్లింగ్ దగ్గరా కొన్ని సెంటీమీటర్ల వదులు ఉంటుంది. దాన్ని స్లాక్ అంటారు. పాత రోజుల్లో ఇది ఇంజిన్‌కి సాయం. బరువంతా ఒకేసారి కాకుండా వ్యాగన్ తర్వాత వ్యాగన్ కదిలేది. కానీ బయట ఉన్నవాళ్లకి ఇదే ముప్పు. ఆగి ఉన్న గూడ్స్ బండి మధ్యలో నిలబడితే ఇంజిన్ అర కిలోమీటర్ దూరంలో ఉంటుంది, హారన్ సరిగ్గా వినపడదు. చప్పుడు మీ దగ్గరికి వచ్చేసరికి వ్యాగన్ ఒక్క కుదుపుతో కదిలిపోతుంది.

అయినా సరే, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కడం బద్ధకమై కప్లింగ్ మీద కాలేసి అవతలి వైపు దూకేవాళ్లు మన స్టేషన్లలో రోజూ కనిపిస్తారు. వీపున లంచ్ బ్యాగు, చెవిలో ఇయర్‌ఫోన్స్. అమెరికాలో చట్టం తెచ్చింది, జపాన్ దేశమంతా బండ్లు ఆపింది ఏ సందు నుంచి మనిషిని బయటికి తేవడానికో, మనం అందులోకి ఊరికే వెళ్తున్నాం. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఇది నేరం కూడా.

మరి పూర్తిగా మనిషి లేకుండా కుదరదా?

కుదురుతుంది. మెట్రో రైళ్లలో, వందేభారత్ ముక్కు వెనక ఉండే కప్లర్లలో గాలి పైపు, కరెంటు కూడా కలిసే ఏర్పాటు ఉంటుంది. యూరప్‌లో గూడ్స్ బండ్లు ఇప్పటికీ స్క్రూ కప్లింగ్ మీదే నడుస్తున్నాయంటే ఆశ్చర్యమే కానీ నిజం. అక్కడ ఇప్పుడు గాలి, కరెంటు, డేటా అన్నీ ఒకేసారి కలిసే డిజిటల్ కప్లర్ కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి. సమస్య మళ్లీ పాతదే. లక్షల వ్యాగన్లు, ఖర్చు ఎవరిది, అందరూ ఒకేసారి మారకపోతే ఎలా?

మన గూడ్స్ బండ్లలో నకిల్ తనంతట తాను కలుస్తుంది. గాలి పైపు మాత్రం కలవదు. బండి కట్టాక ఒక మనిషి ఆ రెండు వ్యాగన్ల మధ్యకి వంగి వెళ్లి, రెండు రబ్బరు పైపుల చివర్లు చేత్తో కలిపి, కాక్ తిప్పి బయటికి రావాలి. ఇంజిన్ మార్చిన ప్రతిసారీ, వ్యాగన్ తీసి పెట్టిన ప్రతిసారీ ఇదే పని. ఆయన బయటికి వచ్చి చెయ్యి ఊపేదాకా లోకో పైలట్ బండి కదపకూడదు.